కాలువ పొంగితే ఎవరికి చెప్పాలి? నెల్లూరులో ఫిర్యాదు దారులు, వాటిలో తేడాలు

నెల్లూరుకు వాన అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానే. మిగతా రాష్ట్రమంతా తడిసి ఆరిపోయాక మనకు మొదలవుతుంది. గట్టిగా ఒక జల్లు పడిందంటే మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జిలో నీళ్ళు, రామలింగాపురం అండర్‌బ్రిడ్జిలో నీళ్ళు, సందుల్లో సైడు కాలువ పొంగి గడప దాకా మురుగు. సరిగ్గా అప్పుడే ఊరంతా ఒకేసారి ఫోన్లు అందుకుంటుంది. ఒకరు వార్డు సచివాలయానికి పరిగెత్తుతారు, ఒకరు ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100 నొక్కుతారు, ఒకరు వాట్సాప్‌లో ఫొటో పెడతారు, ఇంకొకరు కార్పొరేటర్ బావమరిది నంబరు వెతుకుతారు.

వీటిలో ఏది మంచిదని అడిగితే ఎవరికి ఎక్కడ పని జరిగిందో వాళ్ళు ఆ దారే చెబుతారు. నా లెక్క వేరు. మీరు ఎక్కడ చెప్పినా ఆ ఫిర్యాదు ఆఖరికి దిగేది ఒకే మనిషి దగ్గరికి. మీ డివిజన్ చూసే శానిటరీ ఇన్‌స్పెక్టర్ కావచ్చు, ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు కావచ్చు, సచివాలయంలో కుళాయిలు, రోడ్లు, లైట్లు చూసే ఎమినిటీస్ సెక్రటరీ కావచ్చు. కలెక్టర్ చేతికి ఇచ్చిన కాగితం కూడా నాలుగు సంతకాలు పడి ఆయన బల్ల మీదికే వస్తుంది. కాబట్టి దారులన్నీ ఒకటే అని కాదు. ఆ కాగితం వెంట పైవాళ్ళ కన్ను ఎంత వస్తోంది, పని అయిపోయిందని రాసేది ఎవరు అన్నవి దారికో రకంగా ఉంటాయి. ఎంచుకోవాల్సింది అది చూసుకునే.

ముందు అది ఎవరిదో తేల్చుకోండి

సగం ఫిర్యాదులు ఇక్కడే చచ్చిపోతాయి. వీధి దీపం వెలగలేదని కరెంటు ఆఫీసుకు పోతే "లైటు మాది కాదన్నా, స్తంభమూ వైరే మావి" అంటారు. నిజమే, బల్బు కార్పొరేషన్‌ది. వైరు తెగి వేలాడుతున్నా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిప్పురవ్వలు వస్తున్నా అది విద్యుత్ సంస్థ పని, 1912కి ఫోన్ చేయాలి. అలాంటి వాటికి సచివాలయం తెరిచేదాకా ఆగొద్దు.

కాలువల సంగతి ఇంకా తికమక. ఇంటి ముందు సైడు కాలువ కార్పొరేషన్‌ది. ఊరి మధ్యలోంచి పోయే సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ సాగునీటి కాలువలు, అవి జలవనరుల శాఖవి. వాటిలో గుర్రపుడెక్క పెరిగిందనో గట్టు కుంగిందనో సచివాలయంలో రాసిస్తే, ఇది మా శాఖ కాదని ఒక్క ముక్క రాసి ఫిర్యాదు మూసేస్తారు. అది మోసం కాదు, నిజంగానే వాళ్ళ చేతిలో లేదు. భూగర్భ డ్రైనేజీ కోసం తవ్విన రోడ్లలో ప్రజారోగ్య ఇంజనీరింగ్ విభాగం చేయించిన పనులున్నాయి. ఊరి బయట బైపాస్ మీద, అంటే 16వ నంబరు జాతీయ రహదారి మీద గుంతో, ప్రమాదమో అయితే 1033. అండర్‌బ్రిడ్జిల్లో పైన పట్టాలు రైల్వేవి, కింద నిలిచిన నీళ్ళు తోడించాలంటే మాత్రం కార్పొరేషన్‌నే అడగాలి.

తేల్చుకోవడం కుదరనప్పుడు, రెండు మూడు శాఖల మధ్య పడ్డ సమస్య అయినప్పుడు, కింది ఆఫీసుల చుట్టూ తిరగడం దండగ. అలాంటి దానికి సరైన చోటు సోమవారం అర్జీలు తీసుకునే కలెక్టరేటే. ఎందుకంటే ఆ రోజు అన్ని శాఖల జిల్లా అధికారులూ ఒకే హాల్లో కూర్చుంటారు. "ఇది నాది కాదు" అనే మాట పక్క కుర్చీలో ఉన్నవాడి ముందే అనాలి.

రిపేరా, కొత్త పనా?

ఉన్న కాలువ పూడిపోవడం రిపేరు. అసలు కాలువే లేకపోవడం కొత్త పని. రెంటికీ ఒకే అర్జీ పెడితే రెండోదానికి ఎప్పటికీ జవాబు రాదు. కొత్త కాలువకు ఎస్టిమేట్ వేయాలి, నిధులు చూపాలి, మంజూరు కావాలి, టెండరు పిలవాలి. ఏ యాప్‌లో నొక్కినా అది జరగదు. "ప్రతిపాదనలు పంపాం" అని రాసి మూసేస్తారు, అది అబద్ధమూ కాదు. కొత్త రోడ్డు, కొత్త కాలువ, కొత్త పైపులైను కావాలంటే వీధి వీధంతా సంతకాలు పెట్టి కమిషనర్‌కు ఒకటి, కార్పొరేటర్‌కు ఒకటి, ఎమ్మెల్యేకు ఒకటి ఇవ్వాలి. మన కార్పొరేషన్‌లో 54 డివిజన్లు, అవి సిటీ, రూరల్ అని రెండు నియోజకవర్గాల్లో ఉన్నాయి. మీ ఇల్లు ఏ వైపు పడిందో చూసుకోకుండా వేరే ఎమ్మెల్యే ఆఫీసులో కూర్చుంటే టీ ఇస్తారు, పని జరగదు.

ఇక్కడి నుంచి చెప్పేదంతా రిపేరు గురించి.

సచివాలయమా, ఫోనులోనా?

2019లో సచివాలయాలు వచ్చాక చిన్న పనులకు కార్పొరేషన్ ఆఫీసు మెట్లెక్కే బాధ తప్పింది. అయితే చాలామంది సచివాలయానికి పోయి ముందు కనబడ్డ కుర్చీలో వాళ్ళకు చెప్పేసి వస్తారు. ఆ కుర్చీలో ఉన్నావిడ సంక్షేమ పథకాలు చూసే సెక్రటరీ కావచ్చు. చెత్త, మురుగు అయితే శానిటేషన్ సెక్రటరీ. కుళాయి నీళ్ళు, రోడ్డు గుంత, వీధి లైటు అయితే ఎమినిటీస్ సెక్రటరీ. పక్కింటాయన రోడ్డు మీదికి మెట్లు కట్టేస్తే ప్లానింగ్ సెక్రటరీ. వాళ్ళ పేరు, నంబరు రాసుకుని రండి. ఇంటికొచ్చి అడిగే వాలంటీర్లు ఇప్పుడు లేరు, మనమే పోవాలి.

సచివాలయం గొప్పదనం దగ్గరితనం. ఆ సెక్రటరీకి మీ సందు తెలుసు. ఏ మలుపు దగ్గర చెత్త పడుతుందో, ఏ హోటలు వాడు కాలువలోకి ఎంగిలి వదులుతాడో కూడా తెలుసు. మంచివాళ్ళయితే మేస్త్రికి ఒక్క ఫోన్ కొడతారు, మర్నాడు పొద్దున్నే మనుషులు వస్తారు. మీరే పొద్దున చీకటితో లేచి, పారిశుధ్య కార్మికులు మస్టరు (హాజరు) వేసే చోటికి పోయి మేస్త్రికి చెప్పినా అంతే వేగంగా పని జరుగుతుంది. ఆఫీసు టైమంటూ పదకొండింటికి బయలుదేరితే ఆ రోజు మనుషులందరినీ ఎప్పుడో వేరే వీధులకు పంపేసి ఉంటారు.

దగ్గరితనమే దాని లోపం కూడా. నోటి మాటగా చెప్పింది ఎక్కడా నమోదు కాదు. చేస్తే చేసినట్టు, లేకపోతే చెప్పనట్టు. పైవాళ్ళ కన్ను అసలే ఉండదు. అందుకని మొదటిసారి నోటితో చెప్పండి, రెండోసారి మాత్రం "ఎంట్రీ చేసి నంబరు ఇవ్వండమ్మా" అని మర్యాదగానే అడగండి. ఈ ఒక్క మాటతో చాలా పనులు కదులుతాయి.

ఇక ఫోను దారులు. పురపాలక శాఖ యాప్ పురమిత్ర. దీనిలో ఫొటో పెట్టొచ్చు, నంబరు వస్తుంది, ఎంతవరకు వచ్చిందో చూసుకోవచ్చు. రెండోది 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవ. 95523 00009కి హాయ్ అని పంపితే మెనూ వస్తుంది, అందులోంచి పోవడమే. మొదలైన రోజునే 161 సేవలు పెట్టారు.

రెంటిలో ఏదంటే, ఫిర్యాదుకు నేను యాప్‌నే ఎంచుకుంటాను, కాగితాలకూ పన్నులకూ వాట్సాప్‌ను. కాలువ, చెత్త, లైటు విషయంలో ఫొటో, లొకేషన్ పోవడం ముఖ్యం, యాప్ ఆ పనికే కట్టింది. వాట్సాప్ మెనూల్లో మెట్టు మీద మెట్టు దిగి ఫిర్యాదు పెట్టడం పెద్దవాళ్ళకు విసుగు. అదే ఇంటి పన్ను కట్టడానికో, సర్టిఫికెట్‌కో అయితే వాట్సాప్‌ను మించింది లేదు. పోతే, అమ్మానాన్నల ఫోన్లో యాప్ వేసి చేతులు దులుపుకోకండి. ఓటీపీ చెప్పొద్దని మనమే భయపెట్టి పెట్టాం కదా, యాప్ ఓటీపీ అడగ్గానే ఫోన్ పక్కన పడేస్తారు. వాళ్ళకు 1100 నేర్పండి, మాట్లాడితే చాలు.

1100కీ సోమవారానికీ తేడా

రెండూ ఒకే వ్యవస్థకు చెందినవి. ప్రజా సమస్యల పరిష్కార వేదిక అని ఇప్పుడు అంటున్నాం. నిన్నటిదాకా స్పందన, అంతకు ముందు మీకోసం. బోర్డు మారినా జనం నోట్లో "సోమవారం గ్రీవెన్స్" మారలేదు. ఫోన్లో చెప్పినా, కలెక్టరేట్‌లో ఇచ్చినా కంప్యూటర్లో ఒకే చోట చేరుతుంది, నంబరు మెసేజ్‌గా వస్తుంది, తర్వాత ఏమైందని కనుక్కోవడానికీ 1100 పనికొస్తుంది.

మరి పనిగట్టుకుని దర్గామిట్ట పోయి కలెక్టరేట్ తిక్కన ప్రాంగణంలో నిలబడటం ఎందుకు? చిన్న పనికైతే అక్కర్లేదు. లైటు వెలగలేదని కలెక్టర్ ముందు నిలబడితే ఆయన టైమూ పోతుంది, మీ పూటా పోతుంది. ఆ హాల్లో భూమి తగాదాల వాళ్ళు, పింఛను ఆగినవాళ్ళు, ఎక్కడో ఉదయగిరి వైపు నుంచి మొదటి బస్సుకు వచ్చిన ముసలివాళ్ళు కూర్చుని ఉంటారు. మీ కాలువ కంటే వాళ్ళ పని పెద్దది. కానీ కింద రెండుసార్లు చెప్పి, నంబర్లు రెండూ చేతిలో ఉండి, పని జరక్కుండానే మూసేసిన ఫిర్యాదు అయితే తప్పకుండా పోండి. అక్కడ కాగితం మీద పెద్ద అధికారి ఎండార్స్‌మెంట్, అంటే ఆయన చేతిరాత, సంతకం పడుతుంది. అది పడ్డ కాగితాన్ని శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఇంకో రకంగా చూస్తాడు. పోయేవాళ్ళు ఆధార్ నకలు, ఫోన్ నంబరు, పాత ఫిర్యాదు నంబర్లు పట్టుకుపోండి. గేటు దగ్గర డబ్బు తీసుకుని అర్జీలు రాసిచ్చేవాళ్ళు ఉంటారు, వాళ్ళ చేతిరాత బాగుంటుంది కానీ అన్ని అర్జీల్లోనూ అవే "తమరి దయ" వాక్యాలు. ఇంటి దగ్గరే మనం రాసుకోవడం మేలు.

ఒక మధ్య దారి ఉంది, చాలామంది మర్చిపోతారు. సోమవారం కార్పొరేషన్ ఆఫీసులో కూడా అర్జీలు తీసుకుంటారు. సమస్య పూర్తిగా కార్పొరేషన్‌దే అయి, వేరే శాఖతో పని లేకపోతే కలెక్టరేట్ కంటే అదే నయం. కలెక్టర్ దగ్గర ఇచ్చినా రెండు రోజులు తిరిగి కమిషనర్ పేషీకే వస్తుంది. నేరుగా అక్కడే ఇస్తే ఎంహెచ్‌ఓ (మున్సిపల్ ఆరోగ్య అధికారి), ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు) పక్కనే ఉండే అవకాశం ఎక్కువ, అప్పటికప్పుడు ఫోన్ చేయించవచ్చు.

అర్జీ ఎలా రాయాలి

దారి ఎంచుకోవడం కన్నా దీనికి విలువ ఎక్కువ అంటాను. చాలా అర్జీలు ఇలా ఉంటాయి: "మా వీధిలో డ్రైనేజీ చాలా అధ్వాన్నంగా ఉంది, దోమలు ఎక్కువగా ఉన్నాయి, రోడ్డు బాగాలేదు, కుక్కలు కరుస్తున్నాయి, దయచేసి తగు చర్యలు తీసుకోగలరు." నాలుగు సమస్యలు, నాలుగు వేర్వేరు మనుషుల పని. ఏదో ఒకటి చేసి, అంటే దోమల మందు ఒకసారి కొట్టి, మొత్తం ఫిర్యాదు మూసేయొచ్చు. నిజానికి మూసేస్తారు కూడా.

ఇలా రాసి చూడండి. "మూలాపేటలో ఫలానా వీధి, ఫలానా డోర్ నంబరు ఇంటి నుంచి మూలమీది కల్వర్టు వరకు, దాదాపు 60 అడుగుల సైడు కాలువ పూడిపోయింది. ఈ నెల 4 నుంచి మురుగు రోడ్డు మీదికి వస్తోంది. 6న సచివాలయంలో చెప్పాను, నంబరు ఇది. కాలువ పూడిక తీయించి, తీసిన సిల్టును అదే రోజు ఎత్తించాలి. కల్వర్టు లోపల కూడా శుభ్రం చేయించాలి. పని అయ్యాక ఈ నంబరుకు ఫోన్ చేస్తే నేను చూసి చెబుతాను."

ఇందులో "అదే రోజు ఎత్తించాలి" అన్న ముక్క ఊరికే పెట్టింది కాదు. పూడిక తీసినవాళ్ళు నల్లటి సిల్టును కాలువ గట్టునే కుప్ప పోసి పోతారు. తడి సిల్టు ట్రాక్టర్లో కారుతుంది కాబట్టి ఆరాక తీస్తామంటారు, అందులో కొంత నిజముంది. ఈలోగా రాత్రి వాన పడితే ఆ కుప్పంతా తిరిగి కాలువలోకే పోతుంది. కంప్యూటర్లో మాత్రం పూడిక తీసిన ఫొటోతో ఫిర్యాదు పూర్తయిపోయి ఉంటుంది. అర్జీలో సిల్టు ఎత్తడం కూడా రాసి ఉంటే, కుప్ప అలాగే ఉండగా మూయడం కుదరదు, మూసినా మీరు తిరిగి తెరిపించడానికి ఆధారం ఉంటుంది. కల్వర్టు మాట కూడా అంతే. కనిపించే కాలువంతా శుభ్రం చేసి, కనబడని ఆ నాలుగడుగులు వదిలేస్తే నీళ్ళు అక్కడే ఆగుతాయి.

లైటుకైతే స్తంభం మీద రాసిన నంబరు ఇవ్వండి. నంబరు చెరిగిపోయి ఉంటే ఎదురింటి డోర్ నంబరు. ఫొటో పగలు తీసింది పంపిస్తే వెలగని లైటుకూ వెలిగే లైటుకూ తేడా ఏం తెలుస్తుంది? రాత్రి తీయండి. చెత్తకైతే ఫొటోలో ఏదైనా బోర్డో గోడో పడేట్టు తీయండి, లేకపోతే ఆ కుప్ప స్టోన్‌హౌస్‌పేటలోదో వేదాయపాళెంలోదో ఎవరికి తెలుసు.

అడగకూడనివి రెండు చెప్పాలి. మ్యాన్‌హోల్ పొంగుతుంటే "ఒక మనిషిని దింపి తీయించండి" అని కొందరు అలవాటుగా రాస్తారు. 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మ్యాన్‌హోల్లోకి దించడం నేరం. గట్టిగా నీళ్ళు చిమ్మి అడ్డు తీసే జెట్టింగ్ మిషన్ పంపమని రాయండి. కుక్కల విషయంలో "పట్టుకుపోయి ఎక్కడైనా వదిలేయండి" అని రాస్తే ఆ అర్జీ నడవదు. సంతాన నియంత్రణ ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించమని అడగాలి. కరిచే కుక్క, పిచ్చి లక్షణాలున్న కుక్క అయితే ఆ సంగతి విడిగా, స్పష్టంగా రాయాలి.

"మీ సమస్య పరిష్కరించబడినది"

ఈ మెసేజ్ చూసి బీపీ పెరగనివాళ్ళు లేరు. కిటికీలోంచి చూస్తే మురుగు అలాగే ఉంటుంది, ఫోన్లో సమస్య తీరిపోయి ఉంటుంది. కోపంలో చాలామంది చేసే పని కొత్త ఫిర్యాదు పెట్టడం. అది వద్దు. కొత్త నంబరు వస్తే పాత చరిత్రంతా పోతుంది, మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క. పాతదాన్నే తిరిగి తెరిపించాలి, అంటే రీఓపెన్. 1100కి ఫోన్ చేసి పాత నంబరు చెప్పి సంతృప్తిగా లేదనండి, లేదా సచివాలయంలోనే చేయించండి. రీఓపెన్ అయిన ఫిర్యాదులు ఎన్ని అన్నది పైఅధికారుల సమీక్షల్లో లెక్కకు వస్తుంది, అందుకని కిందివాళ్ళకు అదంటే కొంచెం టెన్షన్.

1100 వాళ్ళు అభిప్రాయం కనుక్కోవడానికి తిరిగి ఫోన్ చేస్తారు. తెలియని నంబరని ఎత్తకపోవడం, "పోనీలే పాపం, ఆ అబ్బయ్య వచ్చి చూసిపోయాడు గదా" అని అయిందని చెప్పేయడం మన మంచితనం. దాంతో ఫిర్యాదుకు నిజంగానే తాళం పడుతుంది. మనిషి మీద జాలి ఉంటే ఉండనివ్వండి, కానీ పని కాలేదంటే కాలేదనే చెప్పండి. ఆయనకు మనుషులు తక్కువున్నారో, ట్రాక్టరు రాలేదో, ఆ సంగతి పైకి తెలియడానికి కూడా అదే దారి.

పది రూపాయల దారి

సమాచార హక్కు దరఖాస్తు ఫిర్యాదు కాదు. దానితో కాలువ శుభ్రం కాదు. అయినా ఇందులో చేర్చానంటే, ఫిర్యాదును ఎవరు మూశారు, ఏమని రాసి మూశారు అన్నది బయటపెట్టేది ఇదొక్కటే. 2005 చట్టం, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కార్పొరేషన్‌కు అయితే ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాలకు అదీ లేదు, కార్డు నకలు జత చేస్తే చాలు.

"మా కాలువ ఎందుకు తీయలేదు?" అని అడగొద్దు. ఎందుకు అన్నదానికి జవాబు సమాచారం కిందికి రాదని తోసేస్తారు. కాగితాలు అడగాలి. ఫలానా నంబరు ఫిర్యాదు మీద ఏ తేదీన ఎవరు ఏ చర్య తీసుకున్నారో ఆ నోట్ నకలు, మూసేసిన అధికారి హోదా, మూసేటప్పుడు జత చేసిన ఫొటో. రోడ్డు పని అయితే మెజర్‌మెంట్ బుక్ పేజీల నకలు. ఈ బుక్ అడిగిన దరఖాస్తుకు వచ్చే మర్యాదే వేరు. ఎందుకంటే ఎంత పొడవు, ఎంత మందం వేశారని కొలిచి రాసి, దాని మీదే బిల్లు చెల్లించి ఉంటారు.

30 రోజుల్లో జవాబు రాకపోతే తర్వాతి 30 రోజుల్లో అదే ఆఫీసు పైఅధికారికి మొదటి అప్పీలు, దానికి ఫీజు లేదు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు. కమిషన్ దాకా పోవడం ఓపికున్న వాళ్ళ పని. మామూలుగా మొదటి అప్పీలు లోపే కాలువ శుభ్రమవుతుంది, కాగితాలు తర్వాత వస్తాయి. దరఖాస్తులు అదే పనిగా వేసి ఆఫీసును సతాయించేవాళ్ళు కొందరున్నారు, వాళ్ళ వల్ల నిజంగా అవసరమున్న వాడి కాగితాన్నీ అనుమానంగా చూస్తారు. మీకు కావాల్సింది ఒకటో రెండో అయితే అవే అడగండి.

కార్పొరేటరూ, పేపరూ

కార్పొరేటర్ ఫోన్ చేస్తే పని త్వరగా అవుతుంది, అందులో దాపరికం ఏముంది. కానీ ఆయనకు చెప్పడం ఫిర్యాదుకు బదులు కాకూడదు. ముందు నంబరు తీసుకోండి, ఆ నంబరు ఆయనకు పంపండి. అప్పుడు ఆయన అధికారిని అడగడానికి చేతిలో ఏదో ఉంటుంది. మీరు ఆయనకు ఓటేయలేదని మీకు మొహమాటముంటే నేరుగా యాప్‌లో పోండి, కార్పొరేషన్‌కు మీ పార్టీతో పని లేదు.

పేపర్ల జిల్లా పేజీలో ఫొటో పడితే ఒక రోజు సందడి ఉంటుంది. మీ ఒక్క ఇంటి సమస్యకు పడదు. వీధంతా కలిసి ఉంటేనే విలేకరి వస్తాడు. వీధి వాట్సాప్ గ్రూపులో కమిషనర్‌ను తిట్టడం మాత్రం ఏ దారీ కాదు, ఆ గ్రూపులో కమిషనర్ లేరు.

నీళ్ళు, పారిశుధ్యం, కరెంటు లాంటి సేవల మీద శాశ్వత లోక్ అదాలత్‌కు పోయే వీలు కూడా చట్టంలో ఉంది, కోర్టు ఫీజు లేదు. కోర్టు ఆవరణలోనే ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే ఎలా వేయాలో చెబుతారు. ఇది కాలువ పూడికకు కాదు. నెలల తరబడి కుళాయిలో మురుగు కలిసిన నీళ్ళు వచ్చి ఇంట్లోవాళ్ళు జబ్బుపడటం లాంటి వాటికి.

ఏదానికి ఏది

కుళాయి నీళ్ళు రంగు మారాయి, వాసన వస్తున్నాయి అంటే క్షణం ఆగకుండా ఎమినిటీస్ సెక్రటరీకి ఫోన్, వెంటనే యాప్‌లో నంబరు. సీసాలో ఆ నీళ్ళు పట్టి ఉంచండి, ఏఈ వచ్చేసరికి నీళ్ళు తేటపడితే చూపించడానికి ఏమీ ఉండదు. చెత్తబండి రాకపోతే సచివాలయం చాలు, మేస్త్రి ఫోన్ నంబరు ఉంటే ఇంకా మేలు. వీధి లైటుకు యాప్. పొంగే మురుగుకు మొదట సచివాలయం, వారంలో కదలకపోతే 1100, ఆ తర్వాత కార్పొరేషన్ సోమవారం. రోడ్డు ఆక్రమణలకు నోటి మాట వద్దే వద్దు, మీ పేరు పక్కింటికి సాయంత్రానికి చేరుతుంది. వీధిలో నలుగురు కలిసి రాతపూర్వకంగా కమిషనర్‌కు ఇవ్వండి.

పన్నులు, సర్టిఫికెట్లకు ఈ తిప్పలేవీ లేవు. ఇంటి పన్ను ఏడాది మొత్తం ఏప్రిల్ 30లోపు కడితే 5 శాతం రాయితీ, ఫోన్లోనే కట్టొచ్చు. పుట్టుక, మరణం 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఆస్పత్రిలో అయితే వాళ్ళే పంపుతారు, ఇంట్లో జరిగిన మరణాన్ని మాత్రం మనమే చెప్పాలి. దుఃఖంలో అది వెనకబడుతుంది, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోవాల్సి వస్తుంది. ఇంట్లో పెద్దదిక్కుగా నిలబడ్డవాళ్ళు ఎవరో ఒకరు ఆ పని చూసుకోవాలి.

ఒంగోలు వాళ్ళకూ ఇదంతా దాదాపు ఇంతే. అక్కడా కార్పొరేషనే, 1100, మన మిత్ర, సోమవారం కలెక్టరేట్ అన్నీ ఉన్నాయి. కరెంటు మాత్రం నెల్లూరుకు తిరుపతి నుంచి నడిచే సంస్థ, ఒంగోలుకు విజయవాడ నుంచి నడిచే సంస్థ, పిలిచే నంబరు 1912 ఒకటే. కావలి లాంటి మున్సిపాలిటీల్లో కమిషనర్‌ను కలవడం ఇంకా తేలిక, ఆఫీసు చిన్నది. ఊరి అంచుల్లో కొత్త లేఅవుట్లలో ఇల్లు కట్టుకున్నవాళ్ళు మాత్రం అర్జీ రాయకముందే తమ ప్లాటు కార్పొరేషన్‌లో ఉందా, పంచాయతీలో ఉందా అని పన్ను రసీదు తీసి చూసుకోవాలి. పంచాయతీ అయితే కార్యదర్శి, ఆ పైన ఎంపీడీఓ. సమాచార హక్కుకు కూడా పంచాయతీలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు.